మామయ్య సాక్సులు, అమ్మమ్మ బొంత

నవంబర్ 4

ట్రంకుపెట్టె అటక దిగింది. అమ్మమ్మ పోయి రెండేళ్ళయినా అందులో చీరలు ఎవరూ కట్టలేదు, ఎవరికీ ఇవ్వలేదు. పరకాల నుంచి అమ్మ ఆ పెట్టెను మా కారు డిక్కీలో పెట్టించి "నీ దగ్గరుంటే ఏదో ఒకటి అయితది" అన్నది. అది పోయిన సంక్రాంతి మాట. అప్పటి నుంచి అటక మీదే ఉంది.

మొన్న పెద్దమ్మాయి బాసర ట్రిపుల్ ఐటీ హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. రాత్రిళ్ళు చలి మొదలైందట. కొన్న బ్లాంకెట్ తెల్లారేసరికి మంచం కింద ఉంటోందట. బొంతయితే ఒంటిని పట్టుకొని ఉంటుంది, జారదు అన్నాను. "అయితే కుట్టు మమ్మీ" అన్నది. నోరు జారానని ఫోన్ పెట్టేశాక తెలిసింది. సంక్రాంతికి వస్తుంది, వెళ్ళేటప్పుడు చేతిలో పెట్టాలి. పది వారాలు.

ఇంకో పని అప్పటికే చేతిలో ఉంది, మామయ్య సాక్సులు. రెండింటి లెక్కా ఈ నోట్‌బుక్కులోనే రాస్తాను. కాలేజీ ల్యాబ్‌లో ఇరవై ఏళ్ళుగా పిల్లల రికార్డుల మీద తేదీలు వేయించే ఉద్యోగం నాది. తేదీ లేని పని పనిలా అనిపించదు.

సాక్సులు ఎందుకంటే, మామయ్యకు పన్నెండేళ్ళుగా షుగరు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. పొద్దున ఐదింటికి భద్రకాళి చెరువు కట్ట మీద నడక, వానొచ్చినా వరదొచ్చినా. బజారు సాక్సుల ఎలాస్టిక్ పిక్క మీద ఎర్రటి గీత వేస్తుంది, మధ్యాహ్నం దాకా పోదు. వేళ్ళ దగ్గర అడ్డంగా ఉండే లావు కుట్టు ఒరుసుకుంటుంది. తిమ్మిరి కాళ్ళు కాబట్టి ఒరిసింది ఆయనకు తెలియదు. తెలిసేసరికి పుండవుతుందని డాక్టరు భయం. చేత్తో అల్లితే ఎలాస్టిక్ అక్కర్లేదు, చాళ్ళు చాళ్ళుగా వచ్చే రిబ్ అల్లికే సాగి పట్టుకుంటుంది. వేళ్ళ దగ్గర కుట్టు తగలకుండా మూయవచ్చు. "నేను అల్లి పెడతా మామయ్యా" అన్నాను. అప్పటికి నేను అల్లినవి రెండు స్వెట్టర్లు. సాక్సు ఒక్కటీ లేదు.

నవంబర్ 6

దసరా సెలవుల్లో మొదలుపెట్టిన మొదటి సాక్సు ఇవాళ పూర్తయింది. ఇవాళే విప్పేశాను.

ఫ్యాన్సీ షాపులో దొరికే అక్రిలిక్ ఊలు, 12 నంబరు సూదులు, అంటే 2.75 మిల్లీమీటర్లవి. వీడియోలో ఆవిడ 64 కుట్లు ఎక్కించింది, నేనూ 64 ఎక్కించాను. మామయ్య తొడుక్కొని హాల్లో నాలుగడుగులు వేసేసరికి మడమ వచ్చి పాదం కింద చేరింది. "మంచిగనే ఉన్నదమ్మా, అయిదు కిలోల బియ్యం పడతయ్" అన్నారు. కండక్టరు నోరు, టికెట్ కొట్టినట్టే ఉంటుంది.

అప్పుడు స్కేలు పెట్టి కొలిచాను. నా చేతికి 10 సెంటీమీటర్లలో 28 కుట్లు వస్తున్నాయి. ఆ లెక్కన 64 కుట్లంటే దాదాపు 23 సెంటీమీటర్ల చుట్టు. మామయ్య పాదం వేళ్ళ మొదట్లో, వెడల్పున్న చోట, సరిగ్గా 23. సాక్సు పాదమంతే ఉంటే నిలవదు. పదో వంతు తక్కువ ఉండి, సాగి, పట్టుకోవాలి. పైగా నేను కొలిచింది పొద్దున. సాయంత్రం మళ్ళీ టేపు పెడితే 23.5. రోజంతా కుర్చీలో కాళ్ళు వేలాడేసుకొని కూర్చునే మనిషికి సాయంత్రం కొలతే కొలత.

వీడియో ఆవిడ ఊలు వేరు, చెయ్యి వేరు. ముందు నాలుగంగుళాల ముక్క అల్లి కొలుచుకోమని ఆవిడ చెప్పింది కూడా. ఆ రెండు నిమిషాలనే నేను ముందుకు జరిపేశాను.

నవంబర్ 9

ఇవాళంతా చీరలతోనే. పెట్టెలో పదకొండు చీరలు, తాత ధోతులు నాలుగు. నాఫ్తలీన్ ఉండల వాసనకు చిన్నోడు ముక్కు మూసుకొని వరండాలో కూర్చున్నాడు.

మూడు సింథటిక్ చీరలు పక్కన పెట్టాను. బొంతకు నూలు గుడ్డే కావాలి. సింథటిక్ సూది కింద జారుతుంది, చెమట పీల్చదు, ఒక పొర మీద ఇంకో పొర నిలవదు. మిగిలిన ఎనిమిదిలో ఎక్కువ ముతక నూలువే. అమ్మమ్మ గోచి పోసి కట్టేది కాబట్టి ఎనిమిది గజాలవి. ఇప్పటి ఐదున్నర మీటర్ల చీరలు వాటి ముందు చేతిరుమాళ్ళు.

చీరంతా ఒకే తీరుగా అరగదని ఇవాళ తెలిసింది. కిటికీకి అడ్డంగా పట్టుకొని వెలుతురులో చూడాలి. నేత గట్టిగా ఉన్న చోట వెలుగు పాలలా వస్తుంది. పల్చబడ్డ చోట జల్లెడలోంచి వచ్చినట్టు చుక్కలు చుక్కలుగా వస్తుంది. అక్కడ రెండు బొటనవేళ్ళు ఆనించి పక్కలకు లాగితే "పర్ర్" మంటుంది, ఇక ఆ ముక్క మసిగుడ్డకే. మోకాళ్ళు వచ్చే చోటు పోయింది. కూర్చునే చోటు పోయింది. గోచి దోపే చోటు అన్ని చీరల్లోనూ పోయింది. కొంగులు మాత్రం నిన్న నేసినట్టున్నాయి. ఒక ఆకుపచ్చ చీరకు బెత్తెడు మేర అమ్మమ్మ వేసిన రఫ్ఫు ఉంది. పోగు పోగుకూ అడ్డంగా, నిలువుగా, చీర రంగు దారంతోనే. ఆ భాగం చీర కంటే గట్టిగా ఉంది. దాన్ని మధ్యలో పెట్టాలి.

సిద్దిపేట గొల్లభామ చీర ఒకటి బయటపడింది. తల మీద కుండ పెట్టుకున్న గొల్లభామలు వరసగా, నేతలోనే వచ్చిన బొమ్మలు. కత్తెర పట్టుకొని అరగంట కూర్చున్నాను. అమ్మకు ఫోన్ చేస్తే "పెట్టెలో పెడితే ఎలుకలు కోస్తయ్, నువ్వు కోస్తే కప్పుకుంటరు" అన్నది. సరే.

ధోతులు లోపలి పొరలకు. తాత వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు కార్మికుడు. 1934లో నిజాం హయాంలో పెట్టిన ఆ మిల్లు మూతబడి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ ధోతులు ఆ మిల్లువేనా అని అడిగితే, "మీ తాతకు ఊళ్ళె ఉన్న ధోతులన్నీ మా మిల్లువే అనిపించేది" అన్నది అమ్మ. కాబట్టి తేలలేదు.

నవంబర్ 15

కత్తిరింపు. అట్టముక్కతో పదిన్నర అంగుళాల చదరం చేసి, దాని చుట్టూ చాక్‌పీసు గీసి కోయడం. కుట్టులో అన్ని వైపులా పావు అంగుళం పోతే పది మిగులుతుంది. అడ్డంగా ఆరు, నిలువుగా తొమ్మిది, మొత్తం 54 ముక్కలు. బొంత 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు వస్తుంది. వెలుతురు పరీక్ష నెగ్గినవి 61 తేలాయి.

వెనక వైపుకు ఒక వంకాయ రంగు చీరను సగానికి కోసి, పొడవునా జోడించాను. నడుమ జోడు వస్తుంది, ఫరవాలేదు.

నవంబర్ 18

ఆన్‌లైన్‌లో తెప్పించిన సాక్సు ఊలు వచ్చింది. 75 శాతం ఉన్ని, 25 శాతం నైలాన్, 100 గ్రాముల్లో 400 మీటర్లు. ఉన్ని చెమట పీలుస్తుంది, నైలాన్ మడమ దగ్గర చిరగనివ్వదు. ధర మాత్రం మామయ్యకు చెప్పలేదు. ఆ డబ్బుకు బజారు సాక్సులు ఎనిమిది జతలొస్తాయని ఆయన చిల్లరతో సహా లెక్క చెబుతారు.

రంగు మీగడ తెలుపు. మాసిపోతుందని అత్తమ్మ అభ్యంతరం. కానీ షుగరున్నవాళ్ళకు లేతరంగు సాక్సులే మంచివి. పాదానికి ఎక్కడైనా గీసుకొని రక్తమో నీరో కారితే మరక కనిపిస్తుంది. నల్ల సాక్సులో కనిపించదు.

ఈసారి బుద్ధిగా ముక్క అల్లి, తడిపి, ఆరబెట్టి కొలిచాను. 2.5 మిల్లీమీటర్ల సూదుల మీద 10 సెంటీమీటర్లకు 30 కుట్లు. పాదం 23.5లో పదో వంతు తీస్తే 21 చిల్లర. దాన్ని 3తో హెచ్చిస్తే 63, 64. రెండు నిట్ (సూటి కుట్లు), రెండు పర్ల్ (తిరగేసి అల్లేవి) వచ్చే రిబ్‌కు నాలుగుతో భాగించబడాలి, కాబట్టి 64. అదే 64! తిరిగి తిరిగి మళ్ళీ అక్కడికే. కాకపోతే ఈసారి ఎందుకు 64 అని ఎవరైనా అడిగితే చెప్పగలను.

నవంబర్ 23

మడమ రోజు. టీవీ ఆపించాను.

సాక్సంటే గొట్టమే. రెండు మొనల సూదులు నాలుగింటి మీద పదహారేసి కుట్లు, ఐదో సూదితో అల్లుకుంటూ గుండ్రంగా పోవడమే. అసలు విద్యంతా ఆ గొట్టాన్ని మలుపు తిప్పడంలో ఉంది. 64లో 32 కుట్లను పక్కన పెట్టి, మిగిలిన 32 మీదే అటూ ఇటూ 32 వరుసలు అల్లాలి. బయటి వైపు వరుసల్లో ఒక కుట్టు అల్లి, ఒకటి అల్లకుండానే పక్క సూదికి జార్చుతూ పోతే లోపల దారం అదనంగా పడి మడమ మందంగా వస్తుంది. ఇక్కడిదాకా చేతికే పని.

తర్వాత తిప్పుడు. ఒక కుట్టు జార్చి, 17 అల్లి, రెండింటిని కలిపి ఒకటి చేసి, ఇంకొకటి అల్లి, వరుస పూర్తి కాకుండానే వెనక్కి తిరగాలి. ఎడమ సూది మీద 11 కుట్లు అనాథల్లా అలాగే ఉండిపోతాయి. తప్పు చేస్తున్నానేమో అని ప్రతి ఒక్కరికీ ఇక్కడే అనిపిస్తుందనుకుంటా. ఇటు తిరిగాక ఒకటి జార్చి, 5 పర్ల్, రెండు కలిపి ఒక పర్ల్, ఇంకో పర్ల్, మళ్ళీ తిరుగు. ఇటు పక్కా 11 మిగులుతాయి. అక్కడి నుంచి ప్రతి వరుసలో ఒక్కో కుట్టు ఎక్కువ అల్లుతూ, తిరిగిన చోట ఏర్పడ్డ సందును మూస్తూ పోవాలి. ఎనిమిదో వరుస దాకా చేతిలో ఉన్నది నలిగిన గుడ్డ. పదో వరుసకు అడుగు గుంట పడింది. పద్నాలుగో వరుసకు 18 కుట్లు మిగిలి, మోదుగాకు దొప్పలాంటిది అరచేతిలో కూర్చుంది. బొటనవేలు పెట్టి చూసుకున్నాను. మడమ ఆకారమే. ఎక్కడా కత్తెర పడలేదు, కుట్టు పడలేదు.

దొప్ప రెండంచుల నుంచి పదహారేసి కొత్త కుట్లు ఎత్తుకుంటే మొత్తం 82. ఒక వరుస విడిచి ఒక వరుసలో రెండేసి తగ్గిస్తే 18 వరుసల్లో మళ్ళీ 64కు వస్తుంది. రాత్రి పదకొండున్నర. "ఇంకా పడుకోలేదా" అని మా ఆయన వస్తే దొప్ప చూపించాను. "బాగుంది, ఇదేంది" అన్నారు.

నవంబర్ 30

బొంత చుట్టూ అంచుకు ఎర్ర పాప్లిన్ వేద్దామని వరంగల్ చౌరస్తా దగ్గర కట్ పీసుల దుకాణంలో మూడు మీటర్లు కొన్నాను. రంగు గ్యారంటీ అన్నాడు. పక్కింటి అవ్వ చూసి "ముందుగాల తడిపి తెల్లగుడ్డ మీద ఒత్తి చూడు బిడ్డా" అన్నది. ఒత్తితే తెల్లగుడ్డ మీద పారాణి పూసినట్టు పడింది. ఉప్పునీళ్ళలో నానబెడితే నిలుస్తుందంటారు. మూడుసార్లు నానబెట్టాను. మూడుసార్లూ బకెట్ రూహ్‌అఫ్జా అయింది. అదీగాక పాత చీరలు ఎన్నో ఉతుకులు చూసినవి, ఇక కుంచించుకుపోవు. కొత్త గుడ్డ తొలి ఉతుకుల్లోనే పొట్టిదవుతుంది, బొంత అంచంతా ముడుచుకుంటుంది. పాప్లిన్ మడిచి బీరువాలో పెట్టాను. చీరల జరీ లేని అంచులే పేర్చి అతికిస్తాను.

ముక్కల జోడింపు మిషను మీద అయిపోయింది. తొమ్మిది వరుసల్లో ఒకటి అర అంగుళం పొట్టి. లాగి సరిపెట్టాను, బొంత కదా.

డిసెంబర్ 4

మొదటి సాక్సు పూర్తి. పాదం పొడవు 25.5 సెంటీమీటర్లు, సాక్సు ఒక సెంటీమీటరు తక్కువ ఉండాలి. వేళ్ళుండే ముక్కు భాగానికి ఐదు పోతుంది కాబట్టి మడమ నుంచి 19.5 దగ్గర తగ్గింపులు మొదలుపెట్టాను. చివరికి 16 కుట్లు. వాటిని ఎనిమిదికి ఎనిమిది ఎదురెదురుగా పెట్టి, మొద్దుసూదితో, అల్లిక వరుసలాగే కనపడేటట్టు కలపాలి. వేలు పెట్టి తడిమినా అతుకు తగలదు. దీన్ని కిచ్నర్ కుట్టు అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ యుద్ధమంత్రి పేరు అది. అంతకుముందు మన దేశంలో ఇంగ్లీషు సైన్యానికి సేనాధిపతి కూడా ఆయనే. మామయ్యకు చెబితే "తుపాకులు పట్టేటాయనకు సాక్సుల కుట్టేంది" అన్నారు. బూట్లలో సాక్సు కుట్టు ఒరిస్తే సిపాయి నడవలేడు కదా మామయ్యా అన్నాను. తన కాలు చూసుకొని ఇంకేమీ అనలేదు.

తొడిగించాను. ఈసారి బియ్యం మాట రాలేదు. పొద్దున నడిచొచ్చాక విప్పి చూస్తే పిక్క మీద గీత లేదు. రిబ్ గుర్తు లేతగా, పక్కబట్ట గుర్తులా ఉంది, కాఫీ తాగేలోపు పోయింది. సాక్సు తూకం 38 గ్రాములు. జత కాగా ఊలు ఇంకా మిగులుతుంది. లోపల ముడి ఒక్కటి కూడా వేయలేదు, దారం కొసలన్నీ పక్క కుట్లలోకి దూర్చేశాను.

డిసెంబర్ 7

హాల్లో సోఫాలు జరిపి, నేల తుడిచి, బొంత పరిచాను. అడుగున వంకాయ చీర, దాని మీద ధోతుల పొరలు రెండు, పైన ముక్కలు. నాలుగు మూలలా గోధుమరంగు టేపు అతికించి, పిన్నీసులు పెడుతున్నాను. ఇంతలో అవ్వ పెరుగు తోడుకు వచ్చింది. గిన్నె గడప మీదే పెట్టి లోపలికొచ్చింది.

"గిదేంది బిడ్డా, పిన్నీసులతోని బొంతయితదా?"

అవ్వది నర్సంపేట దిక్కు. ఆ ఊళ్ళో బాలింతలకు, పసిపిల్లలకు ఎన్ని బొంతలు కుట్టిందో లెక్క లేదట. పిన్నీసులన్నీ తీయించింది. తడిచేత్తో నడిమి నుంచి బయటికి తోస్తూ ఒక్కో పొరనూ సరిచేసింది. కింద గాలి బుడగలా ఉబ్బిన చోట అరచేతితో కొట్టి చూసింది. బెత్తెడు దూరంతో పెద్ద పెద్ద టాకాలు వేయించింది, ముందు నడిమిట్ల అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, తర్వాత అటూ ఇటూ. తన మోకాళ్ళు వంగవు కాబట్టి పీట మీద కూర్చొని చెబుతుంటే నేనూ చిన్నోడూ పాకుతూ కుట్టాం. రెండున్నర గంటలు. టేపు ఎందుకని అడగలేదు గానీ, మూలల మీద తానే మూడు కందిపప్పు డబ్బాలు, ఒక ఇస్త్రీపెట్టె పెట్టించింది.

దారం గురించి కూడా. మిషను దారం వద్దన్నది, గుడ్డను కోస్తుందట. కొత్తవాడలో దర్రీలు (జంపఖానాలు) నేసే ఇంటి నుంచి పడుగు నూలు తెచ్చుకొమ్మన్నది.

డిసెంబర్ 8

కొత్తవాడ వెళ్ళొచ్చాను. మగ్గం మీద సగం నేసిన నీలం దర్రీ ఉంది. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు (ఈ ఊరి సరుకేనని ఇచ్చేది) వచ్చింది కదా, ధర ఏమన్నా పెరిగిందా అంటే ఆయన నవ్వి, నూలు ధర చెప్పాడు. పడుగు నూలు ఎందుకు గట్టిదో కూడా చెప్పాడు. మగ్గం మీద బిగించి లాగి ఉంచేది అదే, పురి ఎక్కువ ఉంటుంది. పేక వదులుగా ఉన్నా నడుస్తుంది. ఒక కండె ఇచ్చి డబ్బులు వద్దన్నాడు, బలవంతంగా ఇచ్చొచ్చాను. తేనెమైనం ముక్క మీద లాగితే దారం చిక్కుపడటం తగ్గింది.

డిసెంబర్ 14

తొమ్మిది వరుసలు విప్పాను. తప్పు నాదే.

"నడుమ నుంచి మొదలువెట్టు, ఒక దిక్కు నుంచి కుట్టుకపోతే ముడతలన్నీ ఆఖరికి తోలుకపోతవ్" అని అవ్వ చెప్పే పోయింది. కానీ అంచయితే ఒళ్ళో సర్దుకుంటుంది, టీవీ చూస్తూ కుట్టవచ్చు. టాకాలు ఉన్నాయి కదా అన్న ధీమా ఒకటి. తొమ్మిదో వరుస అయ్యాక వెనక్కి తిప్పితే వంకాయ చీర అరచెయ్యి పొడవున మడత పడి, మడత మీదే కుట్టు పడి ఉంది. విప్పడానికి గంటంబావు పట్టింది. పాత గుడ్డ కాబట్టి కుట్టు తీసిన చోట రంధ్రాలు కనిపిస్తున్నాయి. కొంచెం నీళ్ళు చిలకరించి గోటితో రుద్దితే చాలావరకు పూడాయి.

అవ్వకు చెప్పలేదు. మామయ్య చెప్పారు.

డిసెంబర్ 16

నడుమ నుంచి మొదలు. వరుసకూ వరుసకూ రెండు వేళ్ళ ఎడం. సూది మీద ఐదారు కుట్లు ఎక్కించి ఒక్కసారి లాగాలి. దారం మూరన్నరకు మించకూడదు. ముడి పైన కనిపించకుండా, చిన్నగా లాగి పొరల మధ్యలోకి దింపాలి. "టప్" మని లోపలికి దిగుతుంది. ఆ చప్పుడు నాకిష్టం.

డిసెంబర్ 20

సాక్సుల జత పూర్తయి వారమైంది. మామయ్య కొత్త కోరిక చెప్పారు. ఇంట్లో హవాయి చెప్పుల మీద సాక్సు వేసుకుంటే పట్టీ వేళ్ళ మధ్యకు దిగదు, గుడ్డంతా ముందుకు పోగవుతుంది. "బొటనవేలు వేరుగ పెట్టరాదమ్మా?" పెట్టవచ్చు. మిగిలిన ఊలుకు ఇంకో ఉండ కలిపి రెండో జత అల్లాను, ఈసారి వారంలోనే, కాలేజీ బస్సులో కూడా. బొంత బస్సు ఎక్కదు, సాక్సు ఎక్కుతుంది.

వేళ్ళ దగ్గర 64లో 20 కుట్లు బొటనవేలికి, 44 మిగతా నాలుగింటికి విడదీయాలి. మధ్య సందుకు 4 కొత్త కుట్లు. బొటనవేలికి 24, మిగతా వేళ్ళకు 48. లెక్క బాగా కుదిరింది. ముక్కులు రెండూ శుభ్రంగా మూసి, ఇస్త్రీ చేసి, మామయ్య ముందు పెట్టాను. ఒకటి తొడిగారు. రెండోది చేతిలో తిప్పి తిప్పి చూశారు.

రెండూ కుడికాలివే.

మామూలు సాక్సుకు కుడి ఎడమ లేదు. బొటనవేలు వేరు చేసిన క్షణం నుంచి ఉంటుంది. ఇన్ని లెక్కలు వేసుకున్న నాకు అది తట్టలేదు.

డిసెంబర్ 27

నెలవారీ చెకప్‌కు మామయ్య అదే హవాయి చెప్పులతో వచ్చారు. డాక్టరు సాక్సుల లోపల వేళ్ళు పెట్టి చూసి, ఇలాంటివి ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. నేను ఉబ్బిపోయేలోపే కిందికి చూసి చెప్పులకు అక్షింతలు వేశాడు. వేళ్ళ మధ్య పట్టీ ఉండే చెప్పు షుగరు కాలికి వద్దు, అది ఒరిసే చోటే పుండు పడుతుంది. మెత్తటి ఎంసీఆర్ రబ్బరు అట్ట ఉండి, పైన వెడల్పు పట్టీ, వెనక బెల్టు ఉన్నవి వాడాలి. ఇంట్లో కూడా. దాంతో బొటనవేలి సాక్సుల అవసరమే పోయింది.

వచ్చేటప్పుడే ఎంసీఆర్ చెప్పులు కొన్నాం. ఒక సాక్సు ముక్కు మాత్రం విప్పి ఎడమకాలికి మార్చి మా ఆయనకు ఇచ్చాను. హవాయి మీద వేసుకొని తిరుగుతున్నారు. చూడ్డానికి మేక గిట్టల్లా ఉన్నాయని చిన్నోడు.

జనవరి 5

బొంత 31 వరుసలు అయ్యాయి, ఇంకా 9. మొత్తం 40 వరుసలు, ఒక్కోటి 90 అంగుళాలు, అంటే 3,600 అంగుళాలు, సరిగ్గా వంద గజాలు. అంగుళానికి నాలుగు కుట్లు లెక్క వేస్తే 14,400. వరుసకు పాతిక నిమిషాలు. విప్పినవి ఇందులో లేవు.

మధ్యవేలి కొన కాయ కాసింది. ఇత్తడి టోపీ పెట్టుకుంటే సూది మొన తెలియడం లేదు, తీసేస్తే గుచ్చుకుంటోంది. ప్లాస్టర్ చుట్టుకొని కుడుతున్నాను. ఒళ్ళో సగం బొంత ఉంటే చలి లేదు.

జనవరి 10

అంచులు కుట్టేశాను. టాకాలు తీయడం చిన్నోడి పని, ఒక్కో దారానికి రూపాయి ఒప్పందం. నన్ను మోసం చేసి ఒక్కో దారాన్ని మూడు ముక్కలు చేసి లెక్కపెట్టాడు.

కొళాయి కింద నానబెట్టి, కుంకుడు పులుసుతో ఒక్క ఉతుకు ఉతికి, డాబా మీద రెండు తీగల మీద అడ్డంగా వేశాను. ఎండాక తూచితే కిలోన్నరకు లోపే ఉంది. ఉతికాక కుట్ల మధ్య గుడ్డ కొద్దిగా ఉబ్బి, దున్నిన చేనులా చాళ్ళు పడింది. ఇది వీడియోల్లో చూపించేంత నున్నగా లేదు, చూపించేంత సరళరేఖలు కూడా కావు. పదిహేనో వరుస నుంచి ఎడమకు వంకర ఉంది. ఆ రోజు సీరియల్లో పెళ్ళి ఆగిపోయింది.

అవ్వ డాబా ఎక్కి వచ్చింది. వెనక్కి తిప్పి చూసింది, నేను ఊహించినట్టే. ముడతలేమీ దొరకలేదు. ముందుకు తిప్పి, కింది నుంచి మూడో వరుస దగ్గర వేలు పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. గొల్లభామ తలకిందులుగా ఉంది. కాళ్ళు పైకి, కుండ కిందికి. మొత్తం బొంతలో గొల్లభామ ముక్కలు ఆరుంటే ఐదుగురు నిలబడ్డారు, ఒకామె శీర్షాసనం వేసింది. నవంబర్ నుంచి రోజూ చూస్తున్న గుడ్డ అది.

"పాలన్నీ పాయె" అన్నది అవ్వ.

జనవరి 11

అమ్మాయి వచ్చింది. పడుకునేటప్పుడు బొంత తలకిందులుగా కప్పుకుంది, ఆ ఒక్క గొల్లభామ సరిగ్గా నిలబడి కనిపించాలట.

జనవరి 19

బాసర బయల్దేరింది. బొంత మడిస్తే బ్యాగులో పట్టలేదు, తాడు కట్టి చేతికిచ్చాను. బీరువాలోని ఎర్ర పాప్లిన్ గుర్తొచ్చి దాంతోనే మూట కట్టబోతే అత్తమ్మ ఆపింది, దారిలో మంచుకు తడిస్తే బొంతంతా ఎర్రబడుతుందని.

మామయ్య కుడి సాక్సు మడమ కింద నూగు లేస్తోంది. చిరగలేదు, నలభై రోజుల నడక అది. అమ్మమ్మ రఫ్ఫు ఫోటో తీసి పెట్టుకున్నాను. 22 గ్రాముల ఊలు మిగిలింది.